శరణార్థి వలసలు: కారణాలు, తెలుగు నేల అనుభవం

ప్రాణభయంతో, వేధింపులకు తాళలేక సొంత దేశం విడిచి మరో దేశంలో తలదాచుకునేవారి కదలికను శరణార్థి వలస అంటారు. తెలుగు పత్రికలు చాలాకాలం వీరిని కాందిశీకులు అని రాశాయి. ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ లెక్క ప్రకారం 2024 చివరికి ప్రపంచంలో బలవంతంగా ఇల్లూ ఊరూ వదిలినవారు 12.32 కోట్ల మంది. వీరిలో దేశం దాటిన శరణార్థులు 4.27 కోట్లు. సొంత దేశంలోనే చెదిరిపోయినవారు 7.35 కోట్లు. ఆశ్రయం కోరుతూ పెట్టుకున్న దరఖాస్తు ఇంకా తేలనివారు 84 లక్షలు; కొందరు ఒకటికి మించిన లెక్కలో ఉండటంతో వీటి కూడిక మొత్తాన్ని మించుతుంది.

ఈ వ్యాసం ఆ వలసల కారణాలను తెలుగువారి చరిత్రలోంచి, ముఖ్యంగా సూర్యాపేట జిల్లా గరిడేపల్లి, కోదాడ, హుజూర్‌నగర్‌లు, పొరుగున నల్గొండ జిల్లాలో ఉన్న మిర్యాలగూడ పరిసరాల్లోంచి ఉదాహరణలు తీసుకుని వివరిస్తుంది. శరణార్థులంటే సిరియా, సూడాన్ గుర్తొస్తాయి గాని, ఈ ఊళ్ళ జనం కూడా ఒకప్పుడు మూటాముల్లె సర్దుకుని సరిహద్దు దాటినవారే.

నిర్వచనం

1951 జులై 28న జెనీవాలో ఆమోదం పొందిన శరణార్థుల ఒడంబడిక దీనికి మూలపత్రం. జాతి, మతం, జాతీయత, ఏదైనా సామాజిక వర్గానికి చెంది ఉండటం, రాజకీయాభిప్రాయం అనే అయిదింటిలో ఏదో ఒక కారణంగా తనను వేధిస్తారన్న సహేతుకమైన భయంతో దేశం దాటి, తిరిగి వెళ్ళలేని వ్యక్తి శరణార్థి. 1951 జనవరి 1కి ముందటి ఘటనల వల్ల చెదిరినవారికే మొదట ఈ రక్షణ ఉండేది. 1967 నాటి ప్రోటోకాల్ ఆ గడువును తొలగించింది. ఆఫ్రికా దేశాలు 1969లో తమ సొంత ఒడంబడిక రాసుకుని విదేశీ దురాక్రమణను, పరాయి పెత్తనాన్ని, శాంతిభద్రతలు పూర్తిగా చెదిరిపోవడాన్ని కూడా కారణాల్లో చేర్చాయి. లాటిన్ అమెరికా దేశాలు 1984 కార్టజీనా ప్రకటనలో దాదాపు ఆ దారినే నడిచాయి.

జెనీవా నిర్వచనం రెండు షరతుల మీద నిలబడింది. మనిషి దేశ సరిహద్దు దాటి ఉండాలి. అతని భయానికి మూలం మనుషులు చేసే వేధింపు అయి ఉండాలి. కాబట్టి కరవు, తుపాను, అప్పు, ప్రాజెక్టు ముంపు ఇందులోకి రావు. సొంత దేశంలోనే ఊరు విడిచినవారిని అంతర్గత నిర్వాసితులంటారు. వారి కోసం ఐక్యరాజ్యసమితి 1998లో మార్గదర్శక సూత్రాలు వెలువరించింది గాని వాటికి ఒడంబడికకు ఉన్న బలం లేదు. బతుకుతెరువు కోసం పోయేవారు వలస కూలీలు. కాగితం మీద ఈ విభజన స్పష్టంగానే ఉంటుంది. జనం కదిలిన సందర్భాలను ఒక్కొక్కటిగా చూస్తే మాత్రం, ఎవరిని ఏ పేరుతో పిలవాలన్నది వారు పోగొట్టుకున్నదాన్ని బట్టి కాక, దారిలో ఏ గీత దాటారన్నదాన్ని బట్టి తేలినట్టు కనబడుతుంది.

కారణాల స్వభావం

యుద్ధం, మత జాతి వేధింపు, నియంతృత్వం, పౌరసత్వం ఊడబెరకడం, రాజ్యం కుప్పకూలడం అనేవి పరిశోధకులు సాధారణంగా చెప్పే ప్రధాన కారణాలు. వీటికి వెనక భూమి తగాదాలు, ధరలు, కరవు, వలస పాలకులు గీసిపోయిన సరిహద్దులు ఉంటాయి. ఏ వలసా ఒక్క కారణంతో జరగదు. సిరియాలో 2011 నాటి అంతర్యుద్ధానికి ముందు ఈశాన్య ప్రాంతంలో ఏళ్ళ తరబడి కరవు వచ్చి రైతులు పట్టణాల శివార్లకు చేరారు. ఆ కరవే యుద్ధానికి దారితీసిందా అన్నదానిపై పండితుల్లో ఏకాభిప్రాయం లేదు. మయన్మార్‌లో 1982 పౌరసత్వ చట్టం రోహింగ్యాలను ఏ దేశానికీ చెందనివారిగా మార్చింది. 2017 ఆగస్టులో సైనిక దాడులు మొదలయ్యాక 7 లక్షల మందికి పైగా బంగ్లాదేశ్‌లోకి వచ్చిపడ్డారు. తరిమింది సైన్యమే అయినా, తిరిగి వెళ్ళే దారి మూసింది మాత్రం ఆ పాత చట్టం.

హైదరాబాద్ సంస్థానం, 1947–48

1947 ఆగస్టు 15 తర్వాత పదమూడు నెలల పాటు హైదరాబాద్ సంస్థానం భారత యూనియన్‌లో చేరకుండా ఉండిపోయింది. నవంబరు 29న కుదిరిన యథాతథ ఒప్పందం కాలం గడపడానికే తప్ప దేనికీ పరిష్కారం కాలేదు. 1948 ఆగస్టులో నిజాం ప్రభుత్వం భద్రతామండలికి ఫిర్యాదు కూడా చేసింది. అంటే ఆ పదమూడు నెలలూ కోదాడ, హుజూర్‌నగర్ ప్రాంతం సరిహద్దు నేల. కోదాడకు తూర్పున కొద్ది దూరం పోతే మద్రాసు రాష్ట్రం, అవతల జగ్గయ్యపేట, నందిగామ, బెజవాడ. దక్షిణాన కృష్ణ దాటితే గుంటూరు జిల్లా పల్నాడు. నడుమ, చుట్టూ నిజాం ఊళ్ళుండగా, మునగాల పరగణా ఒక్కటే దీవిలా యూనియన్ నేల. మద్రాసు రాష్ట్రంలో కృష్ణా జిల్లాకు చెందిన జమీందారీ అది. తర్వాతి కాలంలో నల్గొండ జిల్లాలో కలిసింది.  

వలసకు కారణాలు పొరలు పొరలుగా ఉన్నాయి. అన్నిటికన్నా అడుగున ఉన్నది వెట్టి, లెవీ ధాన్యం, దొరల భూముల సమస్య. 1946 జులై 4న జనగామ తాలూకా కడవెండిలో దొడ్డి కొమరయ్య కాల్పుల్లో చనిపోయాక గ్రామ రైతు సంఘాల పోరాటం సాయుధ రూపం తీసుకుంది. దాని మీద సంస్థానం భవితవ్యం గురించిన రాజకీయ వివాదం వచ్చి చేరింది. ఆపైన కాశిం రజ్వీ నాయకత్వంలో నిజాం పక్షాన నిలిచిన సాయుధ దళం రజాకార్ల దాడులు. ఊరి మీద దాడి జరిగితే వెళ్ళడానికి మూడే దిక్కులు: అడవి, పట్నం, యూనియన్ ప్రాంతం. సరిహద్దు గ్రామాలవారు సహజంగానే మూడోది ఎంచుకున్నారు. పరగణా ఊళ్ళలో, కృష్ణా జిల్లా గ్రామాల్లో చుట్టాల ఇళ్ళకు చేరినవారు కొందరు. బెజవాడ దాకా వెళ్ళి శిబిరాల్లో ఉన్నవారు కొందరు. హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్ తన సరిహద్దు శిబిరాలను, కమ్యూనిస్టులు తమ దళాల స్థావరాలను కూడా ఈ అంచునే నడిపారు. దాంతో ఆశ్రయం కోసం వచ్చినవారెవరు, పోరాటం కోసం వచ్చినవారెవరు అన్నది అధికారులకు విడదీయరాని చిక్కయింది. ప్రపంచంలోని చాలా శరణార్థి శిబిరాల్లో నేటికీ ఉన్న చిక్కే ఇది.

అదే కాలంలో వలస ఇంకో రెండు దిక్కుల్లోనూ సాగింది. సంఘాల పట్టు పెరిగిన ఊళ్ళనుంచి దేశ్‌ముఖ్‌లు, దొరలు హైదరాబాద్‌కో పట్టణాలకో పారిపోయారు. దేశ విభజన హింసకు భయపడి మధ్యపరగణాల నుంచి, బొంబాయి, మద్రాసు రాష్ట్రాల నుంచి ముస్లిం కుటుంబాలు సంస్థానంలోకి వచ్చాయి. ఒకే గీతను అటువారు ఇటు, ఇటువారు అటు దాటిన కాలమది. ఈ మూడింటిలో ఒక్కదాన్నే చెప్పి తక్కినవి వదిలేసే కథనాలు ఇప్పటికీ ప్రచారంలో ఉన్నాయి.

1948 సెప్టెంబరు 13 తెల్లవారుజామున యూనియన్ సైన్యం కదిలింది. బెజవాడ రోడ్డున వచ్చిన దళం ఆ ఉదయమే కోదాడ, మధ్యాహ్నానికి మునగాల చేరింది. వైమానిక దాడుల తర్వాత 15న సూర్యాపేట చేజిక్కింది. నిజాం సేన మూసీ వంతెనను కూల్చి వెనుదిరిగినా సైన్యం దాన్ని త్వరగానే బాగుచేసుకుంది. 17న నిజాం లొంగిపోవడంతో సరిహద్దు అన్నదే లేకుండా పోయింది. యూనియన్‌కు వెళ్ళినవారు ఊళ్ళకు తిరిగొచ్చారు.

అయితే వలస అక్కడితో ఆగలేదు. పోలీసు చర్యగా పిలిచిన ఈ సైనిక చర్య వెంటనే ముస్లింల మీద హింస చెలరేగింది. భారత ప్రభుత్వం పంపిన పండిట్ సుందర్‌లాల్ బృందం మొత్తం మృతులను 27 వేల నుంచి 40 వేల దాకా అంచనా వేసింది. అన్నిటికన్నా ఎక్కువ నష్టపోయినవి ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్. ఔరంగాబాద్, బీడ్, నల్గొండ, మెదక్ జిల్లాలు నాలుగింటిలో కలిపి కనీసం 5 వేల మంది చనిపోయారని ఆ బృందం రాసింది. బతికి బయటపడ్డ కుటుంబాలు చాలావరకు హైదరాబాద్ నగరం చేరాయి. కొన్ని పాకిస్తాన్ వెళ్ళి కరాచీలో స్థిరపడ్డాయి. ఆ నివేదిక దశాబ్దాల పాటు జనానికి అందుబాటులోకి రాలేదు. మరోవైపు కమ్యూనిస్టు పోరాటం సైన్యానికి ఎదురుగా 1951 అక్టోబరు దాకా సాగింది. గోదావరి అడవుల్లో దళాలకు తిండి అందకుండా చేయడానికి కోయగూడేలను ఖాళీ చేయించి జనాన్ని శిబిరాల్లో పెట్టారు. ఈ గూడేలవారు దేశ సరిహద్దు దాటలేదు గనక ఏ అంతర్జాతీయ లెక్కలోకీ రాలేదు.

రంగం నుంచి తిరుగు ప్రయాణం

రంగూన్‌ను తెలుగువారు రంగం అనేవారు. పందొమ్మిదో శతాబ్దం చివర్నుంచి విశాఖ, గోదావరి, గంజాం జిల్లాల కూలీలు కాకినాడ, విశాఖపట్నం రేవుల్లో ఓడ ఎక్కి అక్కడికి పోయేవారు. మేస్త్రీ ఇచ్చిన బయానా తీసుకుని వెళ్ళడం, ఓడరేవులో బస్తాలు మోయడం, ధాన్యం మిల్లుల్లో పనిచేయడం, రిక్షా లాగడం. కోరంగి రేవు పేరు మీద వారిని అక్కడ కోరంగీలు అనేవారు. ఇరవయ్యో శతాబ్దం మొదటి భాగంలో రంగూన్ జనాభాలో సగానికి పైగా భారతీయులే.

అప్పటికి బర్మా బ్రిటిష్ ఇండియాలో భాగం గనక అది దేశాంతరం కాదు. 1930 మేలో రేవులోని తెలుగు కూలీలు సమ్మె చేస్తే వారి బదులు బర్మీయులను పనిలోకి దించారు; సమ్మె ముగిశాక ఆ తగవు నగరమంతా పాకిన అల్లర్లయింది. 1937 ఏప్రిల్ 1న బర్మాను ఇండియా నుంచి విడదీశారు. కూలీ పని, కూలీ ఇల్లు మారలేదు గాని ఆ రోజు నుంచి అతడు పరదేశి. 1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. తర్వాతి నెలల్లో 4 లక్షల నుంచి 5 లక్షల మంది భారతీయులు, ఎక్కువమంది కాలినడకన, అరకాన్ కొండల మీదుగానో తమూ మీదుగా మణిపూర్‌కో బయల్దేరారు. కలరా, మలేరియా, ఆకలితో దారిలోనే వేలమంది రాలిపోయారు. తెల్లవారికి ఒక దారి, నల్లవారికి ఒక దారి అంటూ తరలింపులోనూ తేడాలు చూపారన్న ఆరోపణలు అప్పుడే వచ్చాయి.

రెండో విడత బాంబుల వల్ల కాదు, చట్టాల వల్ల వచ్చింది. 1962లో నె విన్ సైనిక ప్రభుత్వం వచ్చి దుకాణాలను, వ్యాపారాలను జాతీయం చేసింది. 1964 మేలో 50, 100 చాట్ నోట్లను రద్దు చేసింది. కొట్టు పోయి, దాచుకున్న నోట్లూ చెల్లక, సుమారు 3 లక్షల మంది భారతీయులు ఆ దశకంలో తిరిగొచ్చారు. ప్రభుత్వం వారిని శరణార్థులుగా కాక స్వదేశం చేరినవారిగా లెక్కించి రుణాలు, ఉపాధి కల్పించింది. బర్మా, శ్రీలంకల నుంచి వచ్చినవారి కోసమే 1969లో మద్రాసు కేంద్రంగా రెప్కో బ్యాంకు ఏర్పడింది. విశాఖపట్నంలో బర్మా క్యాంపు పేరు ఆ రాకకు గుర్తుగా మిగిలింది.

హైదరాబాద్‌లో రోహింగ్యాలు

2012లో మయన్మార్‌లోని రఖైన్‌లో హింస తర్వాత బంగ్లాదేశ్, బెంగాల్ మీదుగా వచ్చిన రోహింగ్యా కుటుంబాలు హైదరాబాద్ శివారు బాలాపూర్ చుట్టుపక్కల చేరాయి. ఇప్పుడు కొన్ని వేల మంది ఉన్నారు. ఖాళీ ప్లాటు యజమానికి అద్దె కట్టి, వెదురు బొంగులు, టార్పాలిన్‌తో వేసుకున్న గుడిసెల బస్తీలవి. మగవారు తుక్కు ఏరడం, కూలి పనులు చేస్తారు. ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ ఇచ్చే ఫొటో కార్డే వారికున్న ముఖ్యమైన గుర్తింపు. ఆధార్‌కు వారు అర్హులు కారు. తప్పుడు పత్రాలతో ఆధార్ పొందారన్న కేసుల్లో కొందరు అరెస్టయ్యారు. వారికి మానవతా దృష్టితో ఆశ్రయమివ్వాలని కోరేవారు, భద్రత పేరుతో వెనక్కి పంపాలని కోరేవారు రెండు పక్షాలుగా నగర రాజకీయాల్లో వాదించుకుంటూనే ఉన్నారు.

గుత్తికోయలు

2005 జూన్‌లో ఛత్తీస్‌గఢ్ దంతెవాడ ప్రాంతంలో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం అనే ఉద్యమం మొదలైంది. ఊళ్ళు ఖాళీ చేసి రోడ్డు పక్క శిబిరాలకు రమ్మని జుడుం, వెళ్ళొద్దని మావోయిస్టులు. ఎటూ నిలవలేని ఆదివాసీ కుటుంబాలు శబరి, గోదావరి పరీవాహక అడవుల్లోకి, అప్పటి ఖమ్మం, వరంగల్ జిల్లాల్లోకి దాటుకొచ్చాయి. ఇక్కడివారు వారిని గుత్తికోయలంటారు. పోడు కొట్టి జొన్న, వరి వేసుకుంటారు. మిరప కోతల కాలంలో మైదాన గ్రామాలకు కూలికి దిగుతారు.

పోడు విషయంలో అటవీ శాఖతో ఘర్షణ తప్పలేదు. 2017 సెప్టెంబరులో తాడ్వాయి మండలం జలగలంచలో గుడిసెలు కూల్చిన వ్యవహారం హైకోర్టుకు చేరింది. 2022 నవంబరులో చంద్రుగొండ మండలం ఎర్రబోడు దగ్గర ఒక అటవీ రేంజి అధికారిని గుత్తికోయలు నరికి చంపారు. తర్వాత వారిని ఊరినుంచి వెళ్ళగొట్టాలని పంచాయతీ తీర్మానం చేసింది. సల్వాజుడుంను, ప్రత్యేక పోలీసు అధికారుల పేరిట ఆదివాసీ యువకులకు ఆయుధాలివ్వడాన్ని సుప్రీంకోర్టు 2011 జులై 5న తప్పుబట్టింది. వచ్చినవారిలో చాలామంది మాత్రం తిరిగి వెళ్ళలేదు.

ముంపు నిర్వాసితులు

వేధింపు లేకపోయినా ఊరు పోతుంది. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ కింద కృష్ణ ఒడ్డు ఊళ్ళు మునిగాయి. 1967లో కాల్వలకు నీళ్ళొదిలాక ఎడమ కాల్వ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, గరిడేపల్లి, కోదాడ మెట్టపొలాలు మాగాణులయ్యాయి. కోస్తా జిల్లాల రైతులు వచ్చి భూములు కొన్నారు, ధాన్యం మిల్లులు వెలిశాయి. ఒకరి ఊరు మునిగిన నీళ్ళే ఇంకొకరిని రప్పించాయి. నేడు మిర్యాలగూడ మిల్లుల్లో బస్తా మోసే హమాలీల్లో బీహారీలు ఎందరో. 2020 లాక్‌డౌన్‌లో వలస కూలీల కోసం దేశంలో మొదటి శ్రామిక్ రైలు మే 1న హైదరాబాద్ శివారు లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు బయల్దేరింది. వారం తిరక్కుండానే, తెలంగాణ మిల్లుల్లో పనికి హమాలీలు కావాలని బీహార్ నుంచి రైలును ఇటు రప్పించారు.

కృష్ణ మీది పులిచింతల ప్రాజెక్టు 45.77 టీఎంసీల నిల్వతో 2013 డిసెంబరులో ప్రారంభమైంది. తెలంగాణ వైపు ఒడ్డున నెమలిపురి, అడ్లూరు, వెల్లటూరు, చింత్రియాల వంటి ఊళ్ళు ముంపులో పోయాయి. నిర్వాసితులకు పునరావాస కాలనీలు, పరిహారం ఇచ్చినా ఇళ్ళ స్థలాలు, మిగులు భూముల గురించిన తగవులు ప్రాజెక్టు నిండిన తర్వాత కూడా సాగాయి. ఎక్కువ పరిహారం, పునరావాసాన్ని హక్కుగా చేసిన భూసేకరణ చట్టం 2014 జనవరి 1న అమల్లోకి వచ్చింది. అంటే ప్రాజెక్టు ప్రారంభమైన వారాల తర్వాత. గోదావరి మీది పోలవరం ప్రాజెక్టు కింద కదలాల్సిన కుటుంబాలు లక్షకు పైనే.

వలస సాగే తీరు

శరణార్థులంతా ధనిక దేశాలకే పోతారన్న అభిప్రాయం నిజం కాదు. 2024 లెక్కల్లో 67 శాతం మంది పొరుగు దేశాల్లోనే ఉన్నారు. 73 శాతానికి ఆశ్రయమిచ్చింది అల్ప, మధ్యాదాయ దేశాలు. మునగాల, బెజవాడల అనుభవం ఇదే చెబుతుంది: నడిచి చేరగలిగిన చోటికి, తెలిసిన ముఖం ఉన్న చోటికి వెళ్తారు. ముందు చుట్టాల ఇల్లు, అక్కడ సాగనప్పుడు శిబిరం, తర్వాత నగరం శివారు. దూరం పెరిగేకొద్దీ డబ్బు, దళారీ అవసరమవుతారు. అందుకే అందరికన్నా పేదవారు చాలాసార్లు సరిహద్దు దాకా కూడా రాలేరు. ఇలా దాటలేక మిగిలినవారే అంతర్గత నిర్వాసితుల పట్టికను నింపుతారు. సూడాన్‌లో 2023 ఏప్రిల్‌లో మొదలైన యుద్ధంతో చెదిరిన 1.43 కోట్ల మందిలో అత్యధికులు ఆ దేశంలోనే ఉన్నారు.

భారత చట్టం

భారతదేశం 1951 ఒడంబడికపై గాని 1967 ప్రోటోకాల్‌పై గాని సంతకం చేయలేదు. శరణార్థులకు వేరే చట్టం లేదు. అందరికీ 1946 విదేశీయుల చట్టమే వర్తించేది; దాని స్థానంలో 2025 సెప్టెంబరు 1 నుంచి వలస, విదేశీయుల చట్టం వర్తిస్తోంది. టిబెటన్లను, శ్రీలంక తమిళులను కేంద్ర ప్రభుత్వం నేరుగా చూసుకుంటుంది. మయన్మార్, అఫ్గానిస్తాన్ నుంచి వచ్చినవారి నమోదు ఐక్యరాజ్యసమితి సంస్థ చేస్తుంది. చక్మా శరణార్థుల కేసులో సుప్రీంకోర్టు 1996లో, జీవించే హక్కు పౌరులు కానివారికీ ఉంటుందని చెప్పింది. 2021లో జమ్ములోని రోహింగ్యాల విషయంలో మాత్రం, నిర్ణీత విధానం పాటించి వెనక్కి పంపడాన్ని ఆపడానికి నిరాకరించింది. 2019 పౌరసత్వ సవరణ చట్టం పాకిస్తాన్, బంగ్లాదేశ్, అఫ్గానిస్తాన్‌ల నుంచి 2014 డిసెంబరు 31లోగా వచ్చిన హిందూ, సిక్కు, బౌద్ధ, జైన, పార్శీ, క్రైస్తవులకు వర్తిస్తుంది. మయన్మార్, శ్రీలంక దాని పరిధిలో లేవు.

రాష్ట్ర సరిహద్దు దాటినవారికి పౌరసత్వం సమస్య కాదు. గుత్తికోయలు భారత పౌరులు, ఛత్తీస్‌గఢ్‌లో షెడ్యూల్డు తెగలవారు. షెడ్యూల్డు తెగల జాబితా రాష్ట్రాల వారీగా ఉండటంతో తెలంగాణలో వారికి ఆ గుర్తింపు దక్కలేదు. కుల ధ్రువీకరణ పత్రం, అటవీ హక్కుల పట్టా, దానితో వచ్చే పథకాలు ఏవీ వారికి సులువుగా అందవు.